ఊపిరి మచ్చ

చెప్పేశాను, ఇంక నా చేతుల్లో ఏముంది, తిడితే తిట్టనీ, పనిలోంచి తీసేస్తే తీసెయ్యనీ, ఈ వరండాలో బెంచీ మీద కాళ్ళు జాపుకుని కూర్చుంటే ఎంత హాయిగా ఉందో, లోపల వాళ్ళు పక్కనుంచి దీపం వేసి ఆ పొర మీద మచ్చ ఉందో లేదో వెతుకుతున్నారు, గంట పడుతుందట, అక్కా నువ్వు కాసేపు బయట కూర్చో అంది సైంటిస్టు అమ్మాయి, నా మొహం వైపు చూడకుండానే అంది, కోపం ఉంటుంది మరి, ఉండదా, రెండేళ్ళ చాకిరీ, నలభై ఒక్కసార్లు చేస్తే నలభై పొరలు చిరిగిపోయాయి, ఇదొక్కటే నిలిచింది, లేజరాయన మాకిచ్చిన టైము ఇవాళ నాలుగింటిదాకానే, మళ్ళీ ఇవ్వాలంటే ఎనిమిది నెలలు, అంతదాకా మా పని సాగనిచ్చేది లేదని పైవాళ్ళు ముందే చెప్పేశారు, ఇవాళ పొర వెలుగుకి తట్టుకుందా సరే, లేదా మూటాముల్లె సర్దుకోవడమే, అలాంటి రోజున, ఆ పిల్ల బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చుంటే, లేజరాయన పది నుంచి వెనక్కి లెక్కపెడుతూ ఆరు దాకా వస్తే, ఆగండి అన్నాను, నా గొంతు నాకే ఇంకెవరిదోలా వినిపించింది.

ఏమైందమ్మా అన్నాడు లేజరాయన, నేను దాని మీద ఊపిరి ఊదాను అన్నాను, ఏం ఊదారు అన్నాడు, ఊపిరి అన్నాను, ఆయన కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు వైపు చూశాడు, ఊదాను మరి, పొద్దుట ఎనిమిదింటికి, మాస్కు కిందికి లాక్కుని, హా అని ఒక్కసారి, ఫ్రేములో బిగించేముందు ఏ పక్క పూత ఉందో తెలీక, రెండు పక్కలూ కంటికి ఒకేలా ఉంటాయి, పూత ఉన్న పక్కే లేజరుకి ఎదురుగా ఉండాలి, పొర దాచిన డబ్బా మీద అంటించిన గుర్తు చీటీ ఎక్కడో ఊడిపోయింది, పక్క గదిలో మిషను కింద పెట్టి చూస్తే తెలిసిపోతుంది, దానికి అరగంట పడుతుంది, ఆ అరగంట ఓపిక నాకు లేకపోయింది, పాతికేళ్ళ కిందట కళ్ళద్దాలు చేసే చోట పనిలో చేరిన కొత్తల్లో అక్కడి మేస్త్రి నేర్పిన విద్య ఇది, అద్దం మీద హా అని ఊదు, పూత ఉన్న పక్క ఆవిరి టక్కున మాయమవుతుంది, లేని పక్క కాసేపు ఉంటుంది, ఎంత మిషనైనా దీని ముందు దిగదుడుపే అనేవాడాయన, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటారు, ఇది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, అయినా పోలేదు, ఊదాను, ఆవిరి మాయమైంది, సరే ఇదే అని బిగించాను, గాలి తీసేసి లేజరు పరీక్ష చేసే గాజు కిటికీల ఉక్కు డబ్బాలో పెట్టాం, తలుపు మూసి బోల్టులు తిప్పుతుంటే అప్పుడు తట్టింది, ఊపిరితో పాటు తుంపర పడుతుంది, తుంపరలో ఉప్పుంటుంది, నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఎక్కడికి పోతుంది.

పైగా ఆ పొర బిగించే గది తలుపు మీద, లోపల మాస్కు తియ్యరాదు, గట్టిగా మాట్లాడరాదు, అని కాగితం రాసి అంటించింది నేనే, కంచే చేను మేసిందంటే ఇదే మరి, నిన్న సాయంత్రం దీపం వేసి చూసినప్పుడు ఆ పొర కడిగిన ముత్యంలా ఉంది, పొర అంటే అలాంటిలాంటి పొరా అది, ఉల్లిపొరని దాని పక్కన పెడితే గోనెపట్టాలా కనిపిస్తుంది, అరచేతంత వెడల్పు, మందం చూస్తే కొన్ని వందల అణువులు, ముందు నిలబడి తుమ్మితే అంతే సంగతులు, రేపెప్పుడో దీన్నే గదంత పెద్దది చేసి, తెరచాపలా విప్పి, దానికి గోరంత యంత్రం తగిలించి, నేల మీంచి లేజరు వెలుగు పెట్టి నెడతారట, వెలుగు నెడుతుందా అని అడిగాను చేరిన రోజునే, నెడుతుందక్కా, నీకు తెలియనంత మెల్లిగా నెడుతుంది, అందుకే బరువు లేకుండా చెయ్యాలి, వెలుగేమో బోలెడంత పొయ్యాలి, పది నిమిషాలు నెడితే చాలు, వెలుగు వేగంలో అయిదో వంతు అందుకుంటుంది, ఇరవై చిల్లర ఏళ్ళలో పక్క నక్షత్రం దగ్గరుంటుంది అంది, అంత వెలుగునీ అద్దంలా తిప్పికొట్టాలి, లక్షలో ఒక్క పాలు మింగినా పొర వేడెక్కి పోతుంది, అలాంటిచోట నా ఉప్పు రేణువు కూర్చుని వెలుగుని గటగటా తాగుతుంటే, ముందు సూదిబెజ్జమంత చిల్లు, ఆ చిల్లు అంచు ఇంకాస్త వేడెక్కి, అక్కణ్ణుంచి చీలిక, రెప్పపాటులో మొత్తం బూడిద, అదీ మిగిలితే.

ఈ గొడవంతా మా ఆయనకి భలే నచ్చుతుంది, ఆయన బ్రేకుల మెకానిక్, కార్లకి బ్రేకులు తప్ప ఇంకేదీ ముట్టుకోడు, ఇంజను చెడితే పక్క షెడ్డుకి పొమ్మంటాడు, ఈ ఉద్యోగంలో చేరిన రోజు నేను పొంగిపోతూ నక్షత్రానికి పంపే బండి అని మొత్తం చెప్తే, మెదలకుండా విని, బ్రేకు ఎక్కడుంటుందోయ్ అన్నాడు, బ్రేకు లేదన్నాను, లేదా, అంటూ కంచంలో చెయ్యి ఆపేశాడు, అప్పట్నుంచీ ఆరేళ్ళుగా రోజూ సాయంత్రం చేతులు తుడుచుకుంటూ ఇంట్లోకి వస్తూనే అదే ప్రశ్న, ఏమోయ్, బ్రేకు దొరికిందా, నేను లేదంటాను, ఆయన ఊఁ అంటాడు, అదొక వేళాకోళం మాకు, ఒకసారి బయటివాళ్ళని చూడనిచ్చే రోజు లాబుకి తీసుకొస్తే తిన్నగా పోయి సైంటిస్టు అమ్మాయినే పట్టుకున్నాడు, ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది, బావగారూ, నెట్టడానికి ఎంత బలం కావాలో ఆపడానికీ అంతే కావాలి, నెట్టే వెలుగు ఇక్కడ మన దగ్గరుంది, ఆపే వెలుగు అక్కడెవరు వేస్తారు, పోనీ ఇంధనం మోసుకుపోదామంటే ఆ ఇంధనాన్ని మొయ్యడానికి ఇంకా ఇంధనం కావాలి, దాన్ని మొయ్యడానికి ఇంకా, అలా కొండంత అవుతుంది, అందుకని అది ఆగదు, ఆ నక్షత్రం పక్కనుంచి కొన్ని గంటల్లో దాటిపోతుంది, దాటుతూ ఫోటోలు తీసి పంపిస్తుంది, ఆ ఫోటోలు మనకి చేరడానికి ఇంకో నాలుగేళ్ళు, మా ఆయన మొహం చిన్నబుచ్చుకుని, ఇరవై ఏళ్ళు పోయి పోయి ఆగకుండా దాటిపోవడమేంటమ్మా పాపం అన్నాడు, ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు దిగులుపడ్డాడు, అదేదో మా చుట్టాలమ్మాయి అయినట్టు.

అయిదో వంతుకే ఇంత తంటా, ఇంక పూర్తి వెలుగు వేగం దగ్గరికి పోవాలంటేనా, చూడవచ్చినవాళ్ళంతా అదే అడుగుతారు, మనుషులు ఎప్పుడు పోతారు, అంత వేగం ఎప్పుడు అందుతుంది, ఆ పిల్ల చెప్తుంటే వినీ వినీ నాకూ కంఠతా వచ్చేసింది, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళ వేగం దాకా రావడానికి ఎంత శక్తి పోశామో, ఆ తర్వాత తొంభై తొమ్మిదీ పాయింటు తొమ్మిదికి చేరడానికి దానికి రెండింతలు పైగా పొయ్యాలట, పోసేకొద్దీ వేగం రవ్వంత పెరుగుతుంది, పొయ్యాల్సింది కొండలా పెరుగుతుంది, పూర్తి వందకి ఎప్పటికీ చేరదు, మా ఇంట్లో బీరువా గోడకి ఆనించేటప్పుడు ఆఖరి అంగుళం దగ్గర మా ఆయనా నేనూ పడ్డ అవస్థ గుర్తొచ్చి నవ్వొచ్చింది నాకు, అంతేనా, అక్కడంతా ఖాళీ అనుకుంటాం గానీ ఖాళీ కాదట, పిండిలో రేణువంత ధూళి ఎదురొచ్చినా ఆ వేగంలో బాంబుతో సమానం, ధూళి కూడా లేని చోట చెదురుమదురుగా గాలి అణువులుంటాయి, అవి ఒక్కొక్కటీ ఎక్స్‌రేల కంటే ఘోరంగా లోపలికి దూసుకొస్తాయి, మనిషి తట్టుకోలేడు, మందమైన గోడ కడదామా అంటే బరువు, బరువైతే మళ్ళీ శక్తి, గానుగెద్దులా తిరిగి తిరిగి అక్కడికే వస్తాం, వీటన్నిటికీ మించి కాలం, వాళ్ళకి అక్కడ ఒక ఏడాది గడిస్తే ఇక్కడ మనకి ఏడేళ్ళు అవుతుందట, ఇది చెప్తే మా ఆయన, అయితే నువ్వు మాత్రం ఎక్కకు, ఇప్పటికే నిన్ను చూసి మీ అమ్మాయా అంటున్నారు అన్నాడు, ఎవరూ అనలేదు, ఆయనే అన్నాడు, అయినా బానే అనిపించింది.

అవన్నీ పెద్దపెద్ద అడ్డంకులు, బోర్డు మీద రాసి పెట్టుకున్నవి, ఈ ఊపిరి సంగతి ఏ బోర్డు మీదా లేదు, నక్షత్రానికి పోయే దారిలో ధూళి గురించి ఆరేళ్ళుగా మాట్లాడుకుంటున్నాం, గడప దాటకముందే నా నోట్లోంచి పడింది ధూళి, సరే పడింది, మనిషన్నాక పొరపాటు చేస్తాడు, అది కాదు నన్ను తినేసింది, తొమ్మిదింటికి తెలిసినప్పుడే చెప్పొచ్చుగా, రెండింటిదాకా నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నానే, అది, గాలి లాగే పంపు మోగుతుంటే లేచి చెప్దామనుకున్నాను, టీ తాగాక అనుకున్నాను, లేజరాయన వచ్చాక అనుకున్నాను, ఆయన వచ్చి నవ్వుతూ ఇవాళ మీ ఇంట పెళ్ళేనమ్మా అన్నాక మరీ నోరు రాలేదు, మచ్చ పడిందో లేదో కూడా తెలీదాయె, పడకపోతే అనవసరంగా పని ఆపిన పిచ్చిదాన్నవుతాను, పడితే పని చెడగొట్టిన పాపిష్టిదాన్నవుతాను, ఎటు తిప్పినా నేనే, పోనీ ఆ పిల్లకేమైనా అనుమానం వచ్చిందేమో, తనే ఆపుతుందేమో అని తన మొహమే చూస్తూ కూర్చున్నాను, తనేమో మధ్యాహ్నం ముద్ద ముట్టలేదు, వేళ్ళు విరుచుకుంటూ తెర వైపే చూస్తోంది, పాపం ఎంత ఆశ పెట్టుకుందో అనుకున్నాను, నేనిక్కడ చేరేనాటికి ఇంకా చదువుకునే పిల్ల, పొరని పట్టకారుతో ఎత్తడం కూడా నేనే నేర్పాను, చెయ్యి వణక్కుండా ఎత్తిన రోజు నన్ను పట్టుకుని గెంతింది, అలాంటి పిల్ల ఇందాక నేను ఆగండి అనగానే బటన్ మీంచి వేలు తీసి, కళ్ళు గట్టిగా మూసుకుంది, తిట్టినా బావుండేది.

అయినా చెప్పేశాను, ఆరు దగ్గరైనా చెప్పాను, అయిదు అనకముందే, అదొక్కటే పట్టుకుని కూర్చున్నానిప్పుడు, గోడ మీద ఎండ మెల్లిగా జరుగుతోంది, ఎవరో బకెట్టులో గుడ్డ పిండుతున్నారు, అటుపక్క గదిలో ఫోను మోగి మోగి ఆగింది, కాళ్ళకి తొడుక్కున్న ప్లాస్టిక్కు సంచులు ఇంకా విప్పలేదు నేను, విప్పితే లోపలికి రానివ్వరేమోనని, మూడయింది, తలుపు చప్పుడైంది, ఆ పిల్లే, టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడింది, జుట్టంతా నుదుటికి అంటుకుపోయింది, తనే అంది, ఉంది అక్కా, మచ్చ ఉంది, సరిగ్గా మధ్యలో, వెలుగు పడే చోటే, నేను తల దించుకున్నాను, ఇంకోటి కూడా ఉంది అంది, ఇంకోటి ఏంటి అన్నాను, ఇంకో మచ్చ, దానికి రెండు వేళ్ళ అవతల, వెనక పక్క, నేను వెనక పక్క ఊదలేదమ్మా, ఒట్టు, ఒక్కసారే ఊదాను అన్నాను, నాకు తెలుసక్కా, అది నాది.

నీదా అన్నాను, పొద్దుట నువ్వు స్క్రూలు తేవడానికి పక్క గదిలోకి వెళ్ళావు చూడు, అప్పుడు, ఏ పక్క పెట్టావో అని అనుమానం వచ్చింది, నీ మీద నమ్మకం లేక కాదు, ఇవాళ నా మీద నాకే నమ్మకం లేదు, వెనకనుంచి వంగి హా అని ఊదాను, నువ్వు నేర్పిందే కదా, ఊదాక ప్రాణం పోయింది, మిషను కింద పెడదామంటే నువ్వప్పటికే బిగించేస్తున్నావు, నిన్నడిగితే పరువు పోతుంది, టీమ్ లీడర్ని, తలుపు మీద రూలు నువ్వు రాస్తే కింద సంతకం నేనే పెట్టాను, పొద్దుటినుంచీ నీ మొహమే చూస్తున్నానక్కా, నువ్వు ఎక్కడైనా ఆపుతావేమో, ఏదో ఒకటి అంటావేమో అని, లెక్క ఏడు, ఆరు, నా వేలు మొద్దుబారిపోయింది, నువ్వు ఆగండి అన్నావు, నాకు కళ్ళు తిరిగాయి, కోపం వచ్చిందనుకున్నాను అన్నాను, కోపమా, అని నా వైపు చూసింది, చూసి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, నేనూ అంతే, ఇద్దరం ఆ బెంచీ మీద ఒకరి భుజం ఒకరు పట్టుకుని పిచ్చివాళ్ళలా, బకెట్టు పట్టుకున్నావిడ ఆగి చూసి, ఏమైందమ్మా అంది, ఏమీ కాలేదు అన్నాం, నిజంగానే ఏమీ కాలేదు, అదే కదా ఏడుపు.

లేజరాయనకి చెప్పావా అంటే చెప్పానంది, రెండూ చెప్పాను, నాది ముందు చెప్పాను, ఆయన కాసేపు పైకప్పు చూసి, బొత్తామంత వెలుగమ్మా నాది, మచ్చలెక్కడున్నాయో తెలిస్తే బొటనవేలంత పక్కకి జరుపుకుంటాను, డబ్బా తెరవక్కర్లేదు, ఈ మాత్రం దానికి ఇద్దరూ పొద్దుటినుంచీ అంత మొహాలేసుకుని కూర్చున్నారా, నేనింకా ఇంట్లో ఎవరికో బాగాలేదేమో అనుకున్నాను అన్నాడట, బొటనవేలంత, అంతే, తెలిస్తే బొటనవేలంత పని, తెలియకపోతే రెండేళ్ళూ నలభై ఒక్క పొరలూ, లోపలికి వెళ్ళి కూర్చున్నాం, మూడున్నరకి లేజరాయన మళ్ళీ పదినుంచి మొదలుపెట్టాడు, ఆరు దగ్గర ఆగి మా ఇద్దరి వైపూ చూశాడు, ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి అన్నాడు, ఏమీ లేదన్నాం, ఒకేసారి అన్నాం, అయిదు, నాలుగు, ఆ పిల్ల ఎడం చెయ్యి నా చేతిలో ఉంది, కుడి చెయ్యి బటన్ మీద, వెలుగు పడింది, తెర మీద తెల్లటి చుక్క, పది సెకన్లు, ఇరవై, పొర కదల్లేదు, నలభై, అరవై, నిలిచింది, పరీక్ష ఆ అరవై సెకన్లే, ఆరిపోయాక కూడా మేం ముగ్గురం ఆ తెరనే చూస్తున్నాం, ఎవరూ చప్పట్లు కొట్టలేదు, లేజరాయన మాత్రం ఇంక మాస్కులు తీసి ఊదుకోండమ్మా ఎంత కావాలంటే అంత అన్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, కళ్ళు మూసుకుంటే మా ఆయన ఎప్పుడో చెప్పింది గుర్తొస్తోంది, డ్రైవింగు నేర్పే బళ్ళకి రెండు బ్రేకులు బిగిస్తాడాయన, నేర్చుకునేవాడి కాలి కింద ఒకటి, నేర్పేవాడి కాలి కింద ఒకటి, అయినా ఆ బళ్ళే నెలకోసారి సొట్టపడి షెడ్డుకి వస్తాయట, ఎందుకో తెలుసా, వాడు తొక్కుతాడని వీడు, వీడు తొక్కుతాడని వాడు, అని నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని, ఎవరి కథో అన్నట్టు, ఇంకాసేపట్లో చేతులు తుడుచుకుంటూ వస్తాడు, ఏమోయ్, బ్రేకు దొరికిందా అంటాడు, ఆరేళ్ళుగా లేదంటున్నాను, ఇవాళ దొరికిందంటాను, ఆయన తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోతాడు, ఎక్కడా అంటాడు, మా గదిలోనే అంటాను, మొదట్నుంచీ ఉంది, ఒకటి కాదు రెండున్నాయి, ఒకటి నా కాలి కింద, ఒకటి ఆ పిల్ల కాలి కింద, తొక్కడానికి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ పొద్దుటినుంచీ కూర్చున్నాం.